గంటల లెక్క ఎవరు వ్రాయాలి?

మా అనంతపురం వాళ్ళకు ఒక అలవాటుంది. ఆకాశం నుంచి నాలుగు చినుకులు రాలితే చాలు, ఎక్కడ ఎంత పడిందో లెక్క చెప్పుకుంటారు. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేల ఇది. అందుచేత "నార్పల పక్క పదునయిందంట, కూడేరు పక్క గాలికే పోయిందంట" అని టీ అంగళ్ళ దగ్గర వారం రోజులు మాట్లాడుకుంటారు. పదేళ్ళ కిందట శెనక్కాయ విత్తిన తర్వాత మొదటి వాన ఏనాడు పడిందో తేదీతో సహా చెప్పగల పెద్దలను నేను ఎరుగుదును.

కాని అదే ఇంట్లో, టౌనులో ఉద్యోగం చేసే కొడుకును పిలిచి, "పోయిన నెల నీవు ఎన్ని గంటలు పని చేశావు నాయనా?" అని అడగండి. తెల్లమొగం వేస్తాడు. "పొద్దున పోతా, రాత్రికి వస్తా" అంటాడు. వాన చినుకుకు ఉన్నపాటి లెక్క మనిషి గంటకు లేదన్నమాట! ఈ వారం నేను చెప్పదలచిందంతా ఆ లెక్క గురించే.

ఈ మధ్య ఒక సోదరి నాకు ఉత్తరం వ్రాశారు. పేరూ వీధీ బయటపెట్టవద్దని కోరారు గనుక పెట్టను. ఆమె భర్త ఒక బట్టల అంగట్లో గుమాస్తా. చేరేటప్పుడు చెప్పిన వేళలు పొద్దున పది నుంచి రాత్రి ఏడు వరకు, నడుమ భోజనానికి గంట. అంటే ఎనిమిది గంటల పని. జీతం నెలకు పదిహేను వేలు. ఇప్పటికి నాలుగేళ్ళయింది. ఏ రోజూ తొమ్మిదికి ముందు ఆయన అంగడి గడప దాటలేదు. ఒకనాడు ధైర్యం చేసి ఆ పై రెండు గంటల సంగతి కదిపితే యజమాని నవ్వి, "ఏమప్పా, ఇష్టమైతే ఉండు, లేదంటే బయట పదిమంది కాచుకోని ఉండారు" అన్నాడట. "అయ్యా, ఓవర్ టైము అనేది ఫ్యాక్టరీ వాళ్ళకేనా? మా వంటి వాళ్ళకు చట్టంలో ఏమీ లేదా? పిల్లలు నిద్ర లేవకముందు ఆయన హడావిడి, నిద్రపోయిన తర్వాత ఆయన రాక. ఆదివారం నాన్న అని మా చిన్నది ఆయనకు పేరు పెట్టింది" అని వ్రాశారు.

అమ్మా, చట్టంలో ఏమీ లేకపోవడం కాదు. ఉన్నది చాలా కాలంగానే ఉన్నది. అనంతపురం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1947లో, అంగళ్ళలో పనిచేసే వాళ్ళ కోసం అక్కడ ఒక చట్టం చేశారు. మరుసటి ఏడు, 1948లో, దేశం మొత్తానికి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు హద్దు. అది దాటితే ప్రతి గంటకూ మామూలు కూలికి రెట్టింపు. తర్వాత మన రాష్ట్రంలో 1988లో వచ్చిన దుకాణాల చట్టం గుమాస్తాలకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. అక్కడా గీత దాటితే రెట్టింపే. ఈమధ్య ప్రభుత్వాలు రోజు హద్దును సడలించే ధోరణిలో ఉన్నాయి. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీలలో 9 గంటలను 10 చేయాలని నిర్ణయించింది. కాని వారానికి 48 అన్న గీతను గాని, రెట్టింపు అన్న మాటను గాని కదపలేదు.

ఈ రెట్టింపు ఏమిటి, కష్టపడ్డవాడికి బహుమానమా అని కొందరు అనుకుంటారు. బహుమానం కాదు, అది కంచె. ఎక్కువ గంటలు పని చేయించుకోవడం యజమానికి ఖరీదైన వ్యవహారం కావాలి. "వీడికి రెట్టింపు ఇచ్చే బదులు ఇంకొకడిని పెట్టుకుంటే పోలేదా?" అని ఆయనకు తోచాలి. అదీ ఆ నిబంధన వెనుక ఉన్న ఆలోచన.

ఇప్పుడు ఆ యజమాని అన్న మాటను ఈ వెలుగులో చూడండి. నలుగురు గుమాస్తాలు రోజుకు రెండేసి గంటలు ఉచితంగా చేస్తే ఎన్ని గంటలు? ఎనిమిది. ఎనిమిది గంటలంటే ఒక మనిషి ఉద్యోగం. బయట కాచుకొని ఉన్న పదిమందిని చూపించి లోపలి వాళ్ళను బెదిరిస్తున్నారే, ఆ పదిమందిలో ఒకడి ఉద్యోగాన్ని మింగింది ఈ ఉచితపు గంటలే! వానలు లేక సేద్యం పోయి, బెంగళూరు బస్సు ఎక్కే పిల్లలు ఇంటింటికీ ఉన్న జిల్లాలో ఇది చిన్న సంగతి కాదు. లోపల ఉన్నవాడు పన్నెండు గంటలు ఒళ్ళు హూనం చేసుకుంటాడు. బయట ఉన్నవాడు పన్నెండు గంటలు గోళ్ళు గిల్లుకుంటాడు.

పోనీ రూపాయల్లో ఎంత? కాగితం పెన్సిలు తీసుకోండి. నెలకు 26 పని రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208 గంటలు. పదిహేను వేలను 208 చేత భాగిస్తే గంటకు 72 రూపాయల చిల్లర. రెట్టింపు చేస్తే 144 రూపాయల చిల్లర. రోజుకు రెండు గంటల వంతున నెలకు 52 గంటలు. గుణించి చూడండి, సరిగ్గా 7,500 రూపాయలు వస్తుంది. అంటే సగం జీతం! "ఏదో రెండు గంటలే కదా" అని మనం అనుకునేది ప్రతి నెలా సగం జీతమన్నమాట.

మరి ఇంత స్పష్టంగా ఉంటే ఆ డబ్బు ఎందుకు రాదు? ముప్పై ఏళ్ళుగా కోర్టు గుమ్మాలు తొక్కుతున్న వాడిని గనుక చెబుతున్నాను. ఇలాంటి దావాలు చట్టం లేక ఓడిపోవు, కాగితం లేక ఓడిపోతాయి. "ఏ తేదీన ఎన్ని గంటలు ఎక్కువ చేశావు?" అని అవతలి ప్లీడరు అడుగుతాడు. "రోజూ చేశాను సార్" అంటాడు మనవాడు. "రోజూ అంటే? మార్చి పదిహేడున ఎన్ని గంటలకు వెళ్ళావు?" అంటాడు ప్లీడరు. మనవాడు నీళ్ళు నములుతాడు. అప్పుడు అవతలి వాళ్ళు హాజరు పట్టీ తీసి బల్ల మీద పెడతారు. అందులో పొద్దున పది, సాయంత్రం ఏడు అని ఒకే చేతి వ్రాతలో, ఒకే కలంతో, ఏడాది పొడుగునా వ్రాసి ఉంటుంది. కింద మనవాడి సంతకమే ఉంటుంది. జీతం పుచ్చుకునేటప్పుడు చూడకుండా పెట్టిన సంతకం!

మస్టరు అంటే ఏమిటో మా జిల్లా పల్లెవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది నార్పల మండలం బండ్లపల్లిలోనే. మస్టరులో పేరు పడకపోతే ఎండలో గుంత తవ్వినా తవ్వనట్టే అని అక్కడ కూలికి పోయిన అవ్వను అడిగినా చెబుతుంది. చదువుకున్న మన గుమాస్తాలకూ, ప్రయివేటు బడి పంతుళ్ళకూ, నర్సింగ్ హోము నర్సులకూ ఆ జ్ఞానం తక్కువ. "మనం కూలివాళ్ళమా?" అన్న బిడియం ఒకటి అడ్డం వస్తుంది.

కోర్టుకు పోయినవాళ్ళ కథ ఒకటి చెబుతాను. బెళగావి జిల్లాలో అథణి అనే ఊరుంది. అదీ మనలాగే వానకు మొగం వాచిన దక్కను నేలే. అక్కడి పురపాలక సంఘంలో పనిచేసేవాళ్ళు, పని వేళలకు మించి చేసిన గంటలకూ, వారపు సెలవు నాడు చేసిన పనికీ డబ్బు ఇమ్మని హుబ్బళ్ళి లేబర్ కోర్టుకు వెళ్ళారు. పురపాలక సంఘం వారు రెండు అడ్డుపుల్లలు వేశారు. ఒకటి, ఇలాంటి వాటికి కనీస వేతనాల చట్టం కింద వేరే అధికారి ఉన్నాడు, అక్కడికి పొండి అన్నారు. రెండు, గడువు మీరిపోయింది, కాలదోషం పట్టింది అన్నారు. వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1969లో తీర్పు వచ్చింది. రేటు ఎంత అనే తగాదా లేనప్పుడు, రావలసినది లెక్క కట్టి ఇప్పించమని లేబర్ కోర్టును అడగవచ్చు అన్నారు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఆ దరఖాస్తుకు కాలదోషం వర్తించదని కూడా తేల్చారు. ఒక చిన్న ఊరి పురపాలక సిబ్బంది ఆదివారపు పని తగాదా దేశమంతటికీ దారి చూపింది.

అయితే 1994లో ఢిల్లీ నగరపాలక సంస్థ వ్యవహారంలో అదే సుప్రీం కోర్టు ఒక హద్దు పెట్టింది. నీకు హక్కు ఉన్నదని ముందే తేలి ఉంటే ఆ డబ్బు లెక్క కట్టి ఇస్తారు గాని, హక్కు ఉన్నదా లేదా అన్నదే తగాదా అయితే ఆ దారిన రావద్దు అంది. కనుక వట్టి చేతులతో వెళ్ళకూడదు. ఇందులోనూ నీతి కాగితమే.

"గిరాకీ లేనప్పుడు ఊరికే కూర్చుంటాడు గదా, అది కూడా పనేనా?" అని కొందరు యజమానులు వాదిస్తారు. ఈ వాదనకు మన గుంతకల్లు జంక్షన్ కంటే మంచి బడి లేదు. రైళ్ళలో ప్రతి నిమిషమూ వ్రాసి ఉంటుంది. అయినా అక్కడ తగాదా తప్పలేదు. ఎందుకంటే, ఏది పని అన్నదే ప్రశ్న. రెండు బండ్ల నడుమ గేటు దగ్గర కూర్చున్న గేటుమాన్ పనిలో ఉన్నట్టా, విశ్రాంతిలో ఉన్నట్టా? 1930లో రైల్వే చట్టాన్ని సవరించినప్పుడు, తెరపి లేకుండా పని చేసేవాళ్ళకు వారానికి 60 గంటలు, తెరపి తెరపిగా పని ఉండేవాళ్ళకు 84 గంటలు అన్నారు. వారానికి 84 అంటే రోజుకు పన్నెండు, ఏడు రోజులూ! 1946లో జస్టిస్ రాజాధ్యక్షను మధ్యవర్తిగా వేస్తే, విచారణ జరిపి, వాటిని 54కూ 75కూ తగ్గించాలన్నారు. ఒత్తిడి మరీ ఎక్కువ ఉన్న పనులకు 45 అన్నారు. 1989 రైల్వే చట్టంలో కనిపించేవి ఈ అంకెలే. దాటిన గంటలకు రెట్టింపుకు తగ్గకూడదని కూడా అందులో వ్రాశారు.

ఆ అంకెలు ఊరికే తగ్గలేదు. ఇంజను మీద పనిచేసేవాళ్ళు 1973లో పోరాడి పది గంటల డ్యూటీకి ప్రభుత్వం చేత ఒప్పుకోలు పొందారు. 1974 మే 8న మొదలై ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెలో ఎనిమిది గంటల పని దినం ఒక ముఖ్యమైన కోరిక. గుంతకల్లు, 1956 నుంచి డివిజన్ కేంద్రం. ఆ ఊళ్ళో గంటల లెక్క మీద మాట్లాడటానికి ప్లీడరు అక్కరలేదు. ఏ పాత డ్రైవరైనా చెబుతాడు. ఇక మన బట్టల అంగడి సంగతి. గేటు కాపలా వాడు కూర్చున్నా బండి కోసమే కూర్చున్నాడు. గుమాస్తా కూర్చున్నా గిరాకీ కోసమే కూర్చున్నాడు. లేచి ఇంటికి పోవడానికి వీలు లేని కూర్చోవడం విశ్రాంతి ఎట్లా అవుతుంది?

"కరువు సీమ, వ్యాపారాలు లేవు, ఇంతైనా ఇస్తున్నందుకు సంతోషించండి" అన్నది ఇంకొక వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. శెనక్కాయ పంట పోయిన ఏడు అంగళ్ళలో బేరాలుండవు. చిన్న వ్యాపారి కూడా అప్పులు చేసే నెట్టుకొస్తాడు. అయితే కష్టకాలం అనే వాదనను సుప్రీం కోర్టు విని తీర్పు చెప్పి ఉంది. 2020లో కరోనా రోజుల్లో గుజరాత్ ప్రభుత్వం ఏప్రిల్ 17న ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఫ్యాక్టరీలలో రోజుకు పన్నెండు గంటలు చేయించుకోవచ్చు, పై గంటలకు రెట్టింపు అక్కరలేదు, మామూలు రేటు చాలు అని. గుజరాత్ మజ్దూర్ సభ వారు కోర్టుకు వెళ్ళారు. ఆ ఏడు అక్టోబరు 1న ముగ్గురు న్యాయమూర్తులు ఆ ఉత్తర్వును కొట్టివేశారు. చట్టంలో చెప్పిన అత్యవసర పరిస్థితి అంటే దేశ భద్రతకు ముప్పు గాని, వ్యాపారం మందగించడం కాదన్నారు. ఆ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి చేసిన ఓవర్ టైముకు చట్టప్రకారం డబ్బు చెల్లించమన్నారు. ప్రపంచమంతా తలుపులు మూసుకున్న కాలంలోనే కష్టాల భారాన్ని ఒక్క పనివాడి నెత్తిన వేయకూడదని కోర్టు అంటే, మన కరువు అంతకంటే పెద్ద సాకు అవుతుందా?

ఇంకొక ఉపాయం కూడా చెప్పాలి. గుమాస్తాకు "మేనేజరు" అని పేరు పెట్టి, ఓవర్ టైము నీకు రాదు పొమ్మంటారు. పై అధికారుల విషయంలో చట్టం వేరు అన్నమాట నిజమే. 2023లో ప్రభుత్వ ముద్రణాలయాల సూపర్వైజర్లు రెట్టింపు భత్యం అడిగితే సుప్రీం కోర్టు కాదంది. కాని కోర్టులు చూసేది బల్ల మీది పేరును కాదు, చేసే పనిని. బట్టలు మడత పెట్టి, బిల్లు వ్రాసి, రాత్రి షట్టరు దించేవాడు మేనేజరు అని రాసుకుంటే మేనేజరు అయిపోడు.

ఇక ఇప్పటి చట్టం. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్లను అమలులోకి తెచ్చింది. ఫ్యాక్టరీల చట్టమూ, 1936 నాటి జీతాల చట్టమూ వాటిలో కలిసిపోయాయి. మన సోదరికి పనికివచ్చేది 2019లో చేసిన వేతనాల కోడ్. అందులో నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి. ఓవర్ టైముకు రెట్టింపుకు తగ్గకూడదు. బాకీ అడగడానికి గడువు మూడేళ్ళు. పాత జీతాల చట్టంలో మొదట ఆరు నెలలు, 1964 సవరణ తర్వాత ఏడాది మాత్రమే ఉండేది. బాకీతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం విచారించే అధికారికి ఉంది. అన్నిటికంటే ముఖ్యం, జీతం తక్కువ ఇచ్చారని ఫిర్యాదు వస్తే, పూర్తిగా ఇచ్చామని ఋజువు చేసుకోవలసిన భారం యజమానిది.

ఈ చివరి మాట విని అప్పుడే పండగ చేసుకోకండి. ఋజువు భారం ఆయనదే అయినా, ఫలానా రోజుల్లో ఫలానా గంటలు చేశాను అని ముందు చెప్పవలసింది మీ ఆయనే. ఆ మాటకు వెన్నెముక ఉండాలి గదా! అందుకని ఈ రోజే ఒక నోటు పుస్తకం కొనండి. అంగట్లో అడుగు పెట్టిన వేళ, బయటికి వచ్చిన వేళ, ఏ రోజుది ఆ రోజే వ్రాయించండి. వారం పొడుగునా ఆగి ఒకేసారి వ్రాస్తే, యజమాని పట్టీకీ మన పుస్తకానికీ తేడా ఉండదు. "ఆదివారం రావాలి", "ఇంకో గంట ఉండు" అని వాట్సాప్‌లో వచ్చిన మాటలు చెరిపివేయవద్దు. జీతం బ్యాంకులో పడితే ఆ పద్దు జాగ్రత్త చేయండి. హాజరు పట్టీలో వేళలు చూడకుండా సంతకం పెట్టవద్దని చెప్పండి.

ఆ తర్వాత? మొదట యజమానితోనే మర్యాదగా, కాగితం మీద లెక్కతో మాట్లాడమనండి. నోటి మాటకు నవ్వినవాడు కాగితం చూసి నవ్వడు. వినకపోతే జిల్లా కేంద్రంలో కార్మిక శాఖ కార్యాలయం ఉంది. ఫిర్యాదు మనిషి ఇవ్వవచ్చు, అతని తరఫున సంఘం ఇవ్వవచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కోడ్ అంటుంది. ప్రయత్నించాలి అన్న మాటకు మన కచేరీలలో ఎంత పొడవుందో మీకూ తెలుసు. వాయిదాలకు సిద్ధపడే వెళ్ళాలి.

"ఉద్యోగం పోతే?" అన్నది మీరు అడగని ప్రశ్న. కాని ఉత్తరం పొడుగునా అదే ఉంది. పోదని నేను మాట ఇవ్వలేను. ఏ ప్లీడరూ ఇవ్వలేడు. ఒంటరిగా అడిగినవాడు తొందరగా బయటపడతాడు. నలుగురు గుమాస్తాలూ ఒకే లెక్కతో, ఒకే రోజున అడిగితే ఆ నలుగురినీ పంపి పండగ వ్యాపారం చేసుకోవడం ఏ యజమానికీ తేలిక కాదు. అందుచేత ఆయన పక్క బల్ల మీద పనిచేసే వాళ్ళకు కూడా ఒక్కొక్క నోటు పుస్తకం కొనిపించండి. మూడేళ్ళ గడువు ఉంది గనుక, పుస్తకం నిండేదాకా ఓపిక పట్టినా నష్టం లేదు.

చివరగా, అంగళ్ళు లేని పాఠకులకూ ఒక మాట. మనలో చాలామందికి రాత్రి భోజనాలయిన తర్వాత తీరిగ్గా చీరలు చూడటానికి బయలుదేరే అలవాటుంది. ఎనిమిదిన్నరకు వెళ్ళి ఇరవై చీరలు విప్పించి, "రేపు వస్తాం లే అన్నా" అని లేచి వస్తాం. ఆ ఇరవై చీరలూ మడత పెట్టేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. ఆ గంట యజమాని పుస్తకంలో ఉండదు, మన బిల్లులో ఉండదు. ఎవరి ఇంట్లోనో నాన్న కోసం కాచుకొని నిద్రపోయిన పిల్ల ఖాతాలో ఉంటుంది. సాయంత్రం ఆరింటికే వెళ్ళి చీర కొనుక్కుంటే రంగు తగ్గదు గదా!